హీరోకి పాట ఎక్కకపోతే కథే లేదు: శాపగ్రస్త సైరెన్ నవల గురించి

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్ళకి ఇబ్బంది ఉండదు. పదిహేడేళ్ళ సైరెన్ అమ్మాయి (సైరెన్ అంటే గ్రీకు కథల్లో పాటతో నావికుల్ని చావుకి లాగే జీవి). ఆమె పాట విన్న నావికులు సముద్రంలో దూకి చచ్చిపోతారు, అది ఆమె శాపం. ఓడ పగిలి ఒక కుర్రాడు ఆమె దీవికి కొట్టుకొస్తాడు. అతని మీద పాట పనిచెయ్యదు. ఇద్దరూ ప్రేమలో పడతారు, చివర్లో ముద్దుతో శాపం పోతుంది. సగం నవల అయిపోయింది. "డార్క్‌గా రావాలనుకుంటే స్వీట్‌గా వచ్చేస్తోంది, మధ్యలో కథ కదలడం లేదు, హింస పెంచాలా?" అని అడిగారు. మీరు పెట్టిన మూడు అధ్యాయాలూ చదివాను.

హింస పెంచొద్దు. మూడో అధ్యాయం అయ్యేసరికే బోలెడు శవాలున్నాయి, ఒక్కటీ నాకు గుర్తు లేదు. కథ కదలకపోవడానికి కారణం వేరే. మీ హీరోకి పాట ఎక్కదు, అదీ అసలు జబ్బు. టీనేజ్ ఫాంటసీ రాతప్రతులు ఎడిట్ చెయ్యడం నా పని. సముద్రపు అమ్మాయిల కథలు చాలానే నా చేతికి వచ్చాయి. వాటిలో ఎక్కువ శాతం ఇదే ఏర్పాటు: హీరోలో దేవతల రక్తం ఉంటుంది, లేదా మెడలో తాయెత్తు ఉంటుంది, లేదా వాడు పుట్టుకతో చెవిటివాడు. (చెవిటి పాత్ర పెట్టాలనుకుంటే చక్కగా పెట్టండి, కానీ అతనికంటూ ఒక జీవితం ఇచ్చి పెట్టండి. ప్లాట్‌లో చిల్లు పూడ్చడానికి పెడితే చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.) రాసేవాళ్ళకి ఈ ఏర్పాటు సుఖం. ఇద్దరినీ ఒక రాయి మీద కూర్చోబెట్టి గంటలకొద్దీ మాట్లాడించొచ్చు. కానీ ఆ నిమిషం నుంచి ఆ అమ్మాయి వల్ల అతనికి ప్రమాదం లేదు. ఆమెకి అతని గురించి బెంగ లేదు. ఇక మిగిలేది బీచ్‌లో ఇద్దరు పిల్లల కబుర్లు. స్వీట్‌గా రాక ఏం చేస్తుంది?

ఈ పాత్ర పుట్టింది గ్రీకుల దగ్గర. మీరు అక్కడికి వెళ్ళకుండా, ఈ మధ్య వచ్చిన నవలల నుంచీ సినిమాల నుంచీ సరుకు తెచ్చుకున్నట్టున్నారు. మూలానికి వెళ్తే మీకు కావలసిన చీకటి అంతా అక్కడే ఉంది, కొత్తగా కల్పించక్కర్లేదు.

మొదట గ్రీకు కవి హోమర్. ట్రాయ్ యుద్ధం అయ్యాక ఒడిస్సియస్ అనే వీరుడు ఇంటికి చేరే కథ ఒడిస్సీ. దాని పన్నెండో సర్గలో సైరెన్ల ఘట్టం చాలా చిన్నది. వాళ్ళు ఎలా ఉంటారో హోమర్ ఒక్క ముక్క చెప్పడు. పచ్చిక మైదానంలో కూర్చుని ఉంటారు, చుట్టూ కుళ్ళుతున్న మనుషుల ఎముకల గుట్ట, అంతే. ఓడ దగ్గరికి రాగానే గాలి పడిపోతుంది, సముద్రం కదలకుండా నిలిచిపోతుంది. తర్వాత పాట. ఇక్కడ మీరు ఆగి చూడవలసింది ఒకటుంది. వాళ్ళు ఒడిస్సియస్‌కి ప్రేమ ఆశ చూపించరు, శరీరం ఆశ చూపించరు. పేరు పెట్టి పిలిచి, ట్రాయ్‌లో గ్రీకులూ ట్రోజన్లూ పడ్డ కష్టాలన్నీ మాకు తెలుసు, ఈ భూమ్మీద జరిగేదంతా మాకు తెలుసు, వచ్చి విని వెళ్ళు అంటారు. పదేళ్ళు యుద్ధం చేసి, ఇంటికి చేరే దారి తెలియక తిరుగుతున్న మనిషికి అంతకంటే పెద్ద ఎర ఏముంది? ఆ పాట ఆ మనిషి కోసమే తయారైంది. వినేవాడికి ఏం లోటో పాటకి తెలుసు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మీ నవల్లో సగం సమస్యలు తీరతాయి. ఎలాగో కింద చెప్తాను.

తర్వాత శాపం. మీ రాతప్రతిలో శాపం ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో లేదు. "యుగాల క్రితం శపించబడిన జాతి" అని ఒక వాక్యం ఉంది, అది చాలదు. కొన్ని గ్రీకు, రోమన్ కథల్లో వీళ్ళు మొదట రెక్కలు లేని అమ్మాయిలే. పెర్సెఫొనీ అనే అమ్మాయి స్నేహితురాళ్ళు. ఆమె పూలు కోసుకుంటుంటే పాతాళం నుంచి దాని రాజు హేడిస్ వచ్చి ఎత్తుకుపోతాడు. ఆ తర్వాత ఏమైందన్న దగ్గర కథలు రెండుగా చీలతాయి. రోమన్ కవి ఒవిడ్ చెప్పినదాంట్లో ఈ స్నేహితురాళ్ళు ఆమెని భూమంతా వెతికి, సముద్రం మీద కూడా వెతకడానికి మాకు రెక్కలివ్వండని వాళ్ళే దేవతల్ని అడుగుతారు. ఒళ్ళంతా ఈకలు మొలుస్తాయి, మొహం, గొంతు మాత్రం ఆడపిల్లలవే మిగులుతాయి. హైజీనస్ పేరుతో వచ్చిన కథల సంకలనంలో మాత్రం అది శిక్ష. పిల్లని ఎత్తుకుపోతుంటే మీరేం చేస్తున్నారు, ఎందుకు ఆపలేదు అని పెర్సెఫొనీ తల్లి సెరీస్, అంటే గ్రీకుల డిమీటర్ దేవత, వీళ్ళని పక్షుల్ని చేసేస్తుంది.

ఒక్కసారి దీన్ని పదిహేనేళ్ళ పాఠకురాలి కళ్ళతో చూడండి. స్నేహితురాలిని ఎవడో ఎత్తుకుపోయాడు. ఎత్తుకుపోయినవాడు రాజుగా కూర్చున్నాడు. పక్కన ఉన్న పాపానికి ఈ పిల్లల మీద పడింది దెబ్బ. "నువ్వు పక్కనే ఉండి ఏం చేస్తున్నావే?" అన్న మాట మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలు వినలేదు? మీ నవలకి కావలసిన చీకటి ఇదే. శవాల గుట్టల్లో కాదు, ఈ అన్యాయంలో ఉంది. మీ అమ్మాయికి తెలియకుండానే ఒక ప్రశ్న లోపల తిరుగుతూ ఉండాలి: నేను నిజంగా ఏమైనా చెయ్యగలిగి ఉండేదాన్నా? ఆ రోజు ఆమె పారిపోయిందా, దాక్కుందా, లేక అసలు చూడలేదా? దీనికి జవాబు మీకు మొదటి పేజీ రాసేముందే తెలిసి ఉండాలి. పాఠకుడికి నవల మూడొంతులు అయ్యాక తెలియొచ్చు.

ఇప్పుడు అసలు ఇంజను. హైజీనస్ కథలోనే ఇంకో నియమం ఉంది: తమ పాట విని కూడా ఒక మనిషి ఎప్పుడు బతికి దాటిపోతాడో, అప్పటిదాకానే ఈ సైరెన్లకి ఆయుష్షు. ఒడిస్సియస్ దాటిపోయాడు, వాళ్ళు సముద్రంలో పడి చచ్చిపోయారు. బ్రిటిష్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం 480-470 నాటి ఒక కుండ ఉంది, ఇటలీలోని వుల్చిలో దొరికింది. దాని మీద ఒడిస్సియస్ ఓడ తెరచాప స్తంభానికి కట్టేసి ఉంటాడు (ఎందుకో కింద చెప్తాను), పక్షి ఒళ్ళు ఉన్న ఒక సైరెన్ తలకిందులుగా సముద్రంలోకి పడుతూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో బొమ్మ దొరుకుతుంది, చూడండి.

ఆ నియమాన్ని మీ ప్రేమకథలో పెట్టి చూడండి. అతను పాట విని ఆగిపోతే అతను చస్తాడు. పాట విని దాటిపోతే ఆమె చస్తుంది. ఇద్దరిలో ఒకరే. మీ హీరోకి పాట ఎక్కకపోవడం ఇప్పుడు వరం కాదు, వాడు ఆమె పాలిట మృత్యువు! అయినా నా సలహా ఆ మినహాయింపు తీసెయ్యమనే. వాడికీ అందరిలాగే ఎక్కనివ్వండి.

"మరి ఎక్కితే మొదటి రోజే చచ్చిపోతాడు కదా?" అంటారు. ఆమె పాడకపోతే చావడు. మొదటిసారి ఆమె ఎందుకు పాడలేదన్నదే మీ మొదటి అధ్యాయం. పాడకపోతే ఆమెకి ఏమవుతుంది అన్నది రెండోది. ఇది కచ్చితంగా ఉండాలి, శాపం అన్నాక మౌనంగా కూర్చుంటే సరిపోయే శాపం ఉండదు. గొంతులో నొప్పి, జ్వరం లాంటివి అందరూ రాస్తారు. ఇంకొంచెం ఆలోచించండి. పాడని రోజు ఆమె ఒక్కో జ్ఞాపకం పోగొట్టుకుంటుందనుకోండి. పెర్సెఫొనీ నవ్వు ఎలా ఉండేదో మర్చిపోయింది. రేపు తల్లి మొహం. ఆ తర్వాత ఈ కుర్రాడి పేరు. అప్పుడు మౌనానికి ఒక ఖరీదు వస్తుంది, ఆ ఖరీదు పెరుగుతూ పోతుంది.

మధ్యలో కథ కదలడం లేదన్నారు కదా, దానికి మందు అక్కచెల్లెళ్ళు. హోమర్ దగ్గర సైరెన్లు ఇద్దరే, తర్వాతి కథల్లో ముగ్గురు. పార్తెనోపి, లిగియా, ల్యూకోసియా అని పేర్లు కూడా ఉన్నాయి. మీ రాతప్రతిలో ఆమె ఒంటరి. ఒంటరిగా పెట్టడం వల్ల ఆమె ప్రేమకి ఎవరూ మూల్యం చెల్లించడం లేదు. ముగ్గురున్నారనుకోండి, ఆయుష్షు ముగ్గురిదీ ఒకటే ముడి. ఆ కుర్రాడు బతికి పడవెక్కిపోతే చచ్చేది ఆమె ఒక్కతే కాదు. "నీ ప్రేమ కోసం మేమెందుకు చావాలి?" అని అక్క అడిగితే మీ హీరోయిన్ దగ్గర జవాబు లేదు. అక్క విలన్ కాదు, ఆమె అడిగింది న్యాయం. చెల్లెలు వయసులో చిన్నది, ఆ అబ్బాయంటే ఆమెకీ ఇష్టం, కానీ నిద్రలో పాడే అలవాటు ఉంది. ఇక మీరు మధ్య భాగం గురించి టెన్షన్ పడక్కర్లేదు, ప్రతి రాత్రీ ఒక సీనే.

ఇప్పుడు రొమాన్స్. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నవలలు దెబ్బతినేది ఇక్కడే.

పాట మనిషి ఇష్టాన్ని లాగేసుకుంటుంది. అంటే ఆమె పాడాక అతను "ప్రేమిస్తున్నాను" అన్నా దానికి విలువ లేదు. ఆమెకి అది తెలుసు. ఎప్పుడైనా ఒక్కసారి కూనిరాగం తీసినా, ఆ తర్వాత అతను ఆమె వైపు చూసిన ప్రతి చూపునీ ఆమె అనుమానించాలి. ఇది అతనిదా, పాటదా? మీ ప్రేమకథలో అసలు టెన్షన్ ఇదీ. అతను తనని వదిలేస్తాడేమో అన్న భయం ఏ ప్రేమకథలోనైనా ఉంటుంది. అతను వదలకపోవడమే భయంగా మారేది సైరెన్ కథలో మాత్రమే.

దీనికి హోమరే ఒక దారి చూపించాడు. ఒడిస్సియస్ తన మనుషుల చెవుల్లో మైనం పెట్టి, తనని మాత్రం స్తంభానికి కట్టెయ్యమంటాడు. కట్టేముందే చెప్తాడు: నేను విప్పమని బతిమాలితే ఇంకా గట్టిగా కట్టండి. పాట మొదలయ్యాక అతను కనుబొమలతో సైగ చేస్తాడు విప్పమని. పెరిమిడీస్, యూరిలోకస్ అనే ఇద్దరు లేచి ఇంకో రెండు చుట్లు బిగిస్తారు. తెలివి ఉన్నప్పుడు చెప్పిన మాటే తన మాట అని అతను ముందే తేల్చుకున్నాడు. మీ కుర్రాడు కూడా ఆమె పాట వినాలనుకోవాలి. బతికున్న మనిషి ఎవరూ వినని భాగం ఆమెలో ఒకటుంది, అది తెలుసుకోవాలని. ఎలా కట్టాలి, ఎవరు కట్టాలి, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అని వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకునే సీను నవల మొత్తానికి గుండెకాయ అవుతుంది. ముద్దు సీను కంటే దగ్గరగా ఉంటుంది.

ఒక జాగ్రత్త. తాడు సీనులో అతను "వదిలెయ్" అంటాడు, ఆమె వదలదు. చదివేది పదిహేనేళ్ళవాళ్ళు. వద్దన్నా పర్వాలేదన్న పాఠం పొరపాటున కూడా వెళ్ళకూడదు. అందుకే ముందు జరిగే మాటలు పూర్తిగా రాయండి, "వాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చారు" అని దాటెయ్యకండి. ఆపడానికి ఒక మూడో మనిషి ఉంటే ఇంకా మంచిది. చెల్లెలు చెవుల్లో మైనం పెట్టుకుని కూర్చుంటుంది, ఆమె చేతిలో ఇసుక గడియారం లాంటిది ఏదో ఒకటి. (ఇసుక గడియారం ఆ కాలంలో లేదు. నీటి గడియారం పెట్టండి, లేదా నీడ ఫలానా రాయి దాటేదాకా అనండి.)

ఇక పాటని ఎలా రాయాలి. మీ రెండో అధ్యాయంలో ఇలా ఉంది: "ఆమె గానం అమృతధారలా జాలువారింది. నావికులందరూ మంత్రముగ్ధులై ఒకరి వెనక ఒకరు సముద్రంలోకి దూకారు." ఆ తర్వాత ఎనిమిది లైన్ల పాట కూడా రాశారు. పాట తీసెయ్యండి, దయచేసి. మీరు ఎంత బాగా రాసినా, ప్రాణం తీసే పాట ఇదేనా అని పాఠకుడు కొలుస్తాడు, ఆ కొలతలో ఎవరి పాటా గెలవదు. అమృతధారలూ మంత్రముగ్ధులూ కూడా వద్దు, అవి వాడి వాడి అరిగిపోయినవి. పాట వినేవాడికి ఏం చేసిందో చూపించండి. నేనైతే ఇలా మొదలుపెడతాను:

"గాలి ఆగిపోయింది. తెరచాప ఒకసారి టపామని కొట్టుకుని కిందికి వేలాడింది. తెడ్లు వేసేవాళ్ళలో చివరి మనిషి తల ఎత్తాడు. ముసలివాడు, ముందు పళ్ళు రెండు లేవు. 'ఎవరో పిలుస్తున్నారు నన్ను' అన్నాడు పక్కవాడితో. పక్కవాడు అప్పటికే వినడం లేదు. ముసలివాడు తెడ్డుని జాగ్రత్తగా పడవలోకి లాగి పెట్టుకున్నాడు. తడి చేతులు తొడలకి తుడుచుకున్నాడు. 'చిన్నోడా అంటోంది. నన్నలా పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు కదా' అని లేచి నిలబడ్డాడు."

ఇందులో ఒక్కడే చస్తాడు, అది కూడా ఇంకా చావలేదు. కానీ ఆ ముసలివాడు గుర్తుంటాడు. తెడ్డు జాగ్రత్తగా పెట్టాడు చూశారా, పిచ్చెక్కి దూకడం లేదు, ఇంటికి వెళ్తున్నాననుకుంటున్నాడు. హోమర్ దగ్గర నుంచి తీసుకున్నవి రెండే: ముందు గాలి పడిపోవడం, పాట వినేవాడి లోటుని పట్టుకోవడం. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి వినిపిస్తుంది. ఏం వినిపించిందో పాడే అమ్మాయికి తెలియదు అని నియమం పెట్టుకోండి. వందలమందిని చంపింది, వాళ్ళు ఏం విని చచ్చారో ఒక్కరూ చెప్పలేదు. స్తంభానికి కట్టిన కుర్రాడే మొదటిసారి చెప్పగలిగేది. "నీకేం వినిపించింది?" అని ఆమె అడిగే సీనుని చివరిదాకా దాచుకోండి. ఆమె పేరు వినిపించిందని మాత్రం చెప్పించకండి. అందరూ అదే ఊహిస్తారు. మునిగిపోయిన ఓడలో అతను వదిలేసి వచ్చిన మనిషి గొంతు అయ్యుంటే? అప్పుడు అతనికీ ఒక నేరభావం, ఆమెకీ ఒక నేరభావం, రెండూ ఒకే రకం. ఇద్దరూ పక్కన ఉండి కాపాడలేకపోయినవాళ్ళు.

శరీరం సంగతి. మీరు చేపతోక పెట్టి నీటి అడుగున పగడపు కోట కట్టారు. చేపతోక తర్వాత వచ్చింది, ఐరోపాలో మధ్యయుగాల నాటి రాతల్లో. పాత సైరెన్ పక్షి, ఆమె ఉండేది నీళ్ళలో కాదు, రాళ్ళ మీద. మీది ఫాంటసీ కాబట్టి ఏదైనా పెట్టుకోవచ్చు, నేను పక్షికే ఓటేస్తాను. చేపతోక అందంగా ఉంటుంది, దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. గోళ్ళున్న కాళ్ళు, మోచేతుల దగ్గర మొలుస్తున్న ఈకలు అలా కాదు. ఒంట్లో మార్పులు చూసుకుని సిగ్గుపడే వయసు మీ పాఠకులది. ఆమె కూర్చున్నప్పుడల్లా కాళ్ళు బట్ట కింద ముడుచుకుంటుంది, రాత్రిపూట ఈకలు పీక్కుంటుంది. అన్నట్టు, ఈకల గురించి ఇంకో కథ ఉంది. పౌసేనియస్ అనే యాత్రికుడు రాశాడు: హీరా దేవత ఉసిగొల్పితే సైరెన్లు కళల దేవతలైన మ్యూజ్‌లతో పాటల పోటీకి దిగి ఓడిపోయారట, మ్యూజ్‌లు వీళ్ళ ఈకలు పీకి కిరీటాలు చేసుకున్నారట. పండగనాడు దేవత నెత్తిన తన ఈక చూసిన అమ్మాయి! మీరు వాడకపోతే నేనే ఎవరికైనా చెప్పేస్తాను.

టీనేజ్ హద్దుల గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. చావు, దుఃఖం, అన్యాయం, ద్రోహం ఇవన్నీ రాయొచ్చు, పిల్లలు మనం అనుకున్నదానికంటే గట్టివాళ్ళు. శృంగారం మాత్రం ముద్దు దగ్గర ఆపండి. మన దగ్గర 2012 పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళు పిల్లలే, మీ పాత్రలిద్దరికీ పదిహేడే. ఐదో అధ్యాయంలో ఆమెకి నిజానికి మూడు వందల ఏళ్ళు అని పెడతానన్నారు, అది వద్దు. మూడు వందల ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి పదిహేడేళ్ళ కుర్రాడిని ప్రేమించడం డార్క్ కాదు, ఇబ్బంది. కాలం ఆమెకి ఆగిపోయిందని పెట్టాలనుకుంటే నిద్ర పెట్టండి, బుద్ధి కూడా పదిహేడులోనే ఉండాలి. పెద్దవాళ్ళ కోసం రాసే డార్క్ రొమాన్స్‌లో హీరో క్రూరంగా ఉంటాడు, అదే ఆకర్షణగా నడుస్తుంది. ఆ లెక్క ఇక్కడికి తేవద్దు. టీనేజ్ నవల్లో లోకం చీకటిగా ఉండొచ్చు, ప్రేమించినవాడు చెయ్యి చేసుకోకూడదు.

ఇంకొకటి, ముఖ్యమైనది. మూలకథలో సైరెన్లు సముద్రంలో పడి చచ్చిపోతారు, మీ నావికులు దూకి చచ్చిపోతారు. ఇలాంటి నవల్లో ఆత్మహత్య పక్కనే తిరుగుతూ ఉంటుంది. చావుని ప్రేమకి రుజువుగా, అందమైన ముగింపుగా రాయకండి. ఆమె చివర్లో అతని కోసం దూకేస్తే కొందరు పాఠకులు కన్నీళ్ళు పెట్టుకుంటారు, నిజమే. కానీ ఆ రాత్రి ఒంటరిగా, బాధలో ఉన్న పిల్ల ఒకతి కూడా అదే పేజీ చదువుతుంది. దూకినవాళ్ళ వెనక ఎవరు మిగిలారో చూపించండి. ఆ ముసలి నావికుడి కోసం రేవులో ఎదురుచూసే మనిషిని ఒక పేజీలోనైనా తీసుకురండి.

ముగింపు. ముద్దుతో శాపం పోవడం తీసెయ్యండి, దానికి ఎవరూ ఏమీ చెల్లించలేదు. అయితే పూర్తి విషాదం కూడా అక్కర్లేదు. తెలుగు పాఠకుడు శాపం అనగానే విమోచనం కోసం చూస్తాడు. మన పురాణాల్లో శపించిన ముని కాసేపటికి కరిగి, ఫలానా వాడు వచ్చినప్పుడు పోతుందిలే అని గడువు చెప్తాడు. ఆ ఆశని మీరు వాడుకోవచ్చు. మనకి ఇంకో అలవాటు కూడా ఉంది, షరతులో లొసుగు వెతకడం. పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద హిరణ్యకశిపుణ్ణి చంపిన కథ విని పెరిగినవాళ్ళం. సైరెన్ల షరతులో కూడా అలాంటి సందు ఒకటుంది, గ్రీకులే వదిలిపెట్టారు. గ్రీకు కవి అపొలోనియస్ రాసిన ఆర్గోనాట్ల (ఆర్గో అనే ఓడలో వెళ్ళిన వీరుల) కథలో ఓడ సైరెన్ల దీవి దగ్గరికి రాగానే వాళ్ళలో గాయకుడు ఆర్ఫియస్ తన వీణ గట్టిగా వాయించి సైరెన్ల పాట వినపడకుండా చేస్తాడు. అయినా బూటీస్ అనే ఒక్కడికి వినిపిస్తుంది, దూకేస్తాడు. ఈదుకుంటూ పోతుంటే ప్రేమదేవత ఆఫ్రొడైటీ జాలిపడి, దీవికి చేరకుండానే ఎత్తుకెళ్ళి సిసిలీలో లిలిబేయం దగ్గర దింపుతుంది. ఇప్పటి మర్సాలా అదే. అంటే బూటీస్ పాట విన్నాడు. దీవి మీద చావలేదు. ఓడలో దాటిపోనూ లేదు. వినడం, చావడం, దాటిపోవడం అన్న మూడింటి మధ్య నాలుగోది ఒకటి ఉందన్నమాట. మీ నవలకి తాళంచెవి అక్కడ దొరకొచ్చు. దీవికీ ఓడకీ మధ్య నీళ్ళలో ఉన్న మనిషి ఏ లెక్కలోకి వస్తాడు? నియమాలు మొదటి నుంచీ స్పష్టంగా చెప్పి ఉంటే ఈ మెలిక పాఠకుడికి మోసంలా అనిపించదు.

దానికో ఖరీదు కూడా ఉండాలి. నాకు తోచింది చెప్తాను, నచ్చకపోతే వదిలెయ్యండి. గ్రీకులు సైరెన్లని సమాధుల మీద కూడా పెట్టేవారు, పోయినవాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళుగా. ఏథెన్స్‌లో కెరమైకోస్ శ్మశానంలో దొరికిన క్రీస్తుపూర్వం 370 ప్రాంతపు సైరెన్ విగ్రహం ఒకటి అక్కడి జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది, చేతిలో తాబేటి చిప్ప వీణ. బతికున్నవాళ్ళని చంపే గొంతే చచ్చిపోయినవాళ్ళకి తోడుగా నిలబడింది. మీ అమ్మాయి శాపం పూర్తిగా పోకుండా ఇటు తిరగొచ్చు. బతికున్నవాళ్ళ ముందు ఇక ఎప్పటికీ పాడలేదు, ఆ అబ్బాయి ముందు కూడా. ఆమె గొంతు ఇక చనిపోయినవాళ్ళదే. ఇద్దరూ బతికారు, కలిసే ఉన్నారు, కానీ అతను ఒకే ఒక్కసారి, స్తంభానికి కట్టేసి ఉన్నప్పుడు విన్నాడు. ఇంకెప్పుడూ వినడు.

స్థలం విషయంలో ఊగిసలాడుతున్నారు, వైజాగ్‌కి మార్చాలా అని. మార్చొద్దు. పెర్సెఫొనీ లేకుండా ఈ శాపం లేదు, ఆమెని భీమిలి ఒడ్డున పూలు కోయిస్తే ఎవరూ నమ్మరు. మన సముద్రం మీద రాయాలంటే మన సముద్రానికి తగ్గ వేరే కథ రాయండి. ఇటలీ తీరంలో పొసిటానో ఎదురుగా లి గల్లి అని మూడు చిన్న దీవులున్నాయి, సైరెన్ల దీవులు అవేనని పాతకాలం నుంచీ చెప్పుకుంటారు. కొంచెం పైన నేపుల్స్. పార్తెనోపి శవం అక్కడికే కొట్టుకొచ్చిందని కథ, ఆమె సమాధిని ఊళ్ళో చూపించేవారని పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఇప్పటికీ నేపుల్స్ వాళ్ళని పార్తెనోపియన్లనే అంటారు. తనని చంపిన సముద్రం పక్కనే ఒక ఊరు మొత్తం ఆమె పేరు పెట్టుకుని బతుకుతోంది. నవల ఆ ఊరు పుట్టకముందు జరుగుతుందని పెట్టుకుంటే, చివర్లో ఒక్క వాక్యం చాలు.

భాష గురించి రెండు ముక్కలు. మీ హీరో "ప్రియతమా, నీ కన్నులు సాగర నీలాలు" అంటున్నాడు, హీరోయిన్ రెండు పేజీల తర్వాత "ఛిల్ అవ్వు" అంటోంది. రెండూ కుదరవు. గ్రీకు అమ్మాయైనా తెలుగులో మాట్లాడుతోంది కాబట్టి మామూలు తెలుగు మాట్లాడించండి, నువ్వు అనే పిలిపించండి. ఇంగ్లీషు మాటలు మాత్రం పాత్రల నోట వద్దు. అక్కని అక్కా అనొచ్చు, ఏమీ కాదు. ఇంగ్లీషులో ఈ రకం నవలలు సాధారణంగా 70 వేల నుంచి లక్ష పదాల దాకా ఉంటాయి. మనకి విభక్తులన్నీ మాటలోనే కలిసిపోతాయి కాబట్టి తెలుగులో అదే కథ ఇంకా తక్కువ పదాల్లో అయిపోతుంది. పదాల లెక్క చూసుకుని కంగారు పడొద్దు.

తిరగరాయడం మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టకండి, అక్కడే మళ్ళీ ఇరుక్కుంటారు. ముందు ఒక కాగితం మీద శాపం నియమాలు రాసుకోండి: ఎవరిచ్చారు, ఎందుకు, పాడితే ఏం, పాడకపోతే ఏం, దాటిపోతే ఏం, అక్కచెల్లెళ్ళకి ఏం. తర్వాత తాడు సీను రాయండి. అది కుదిరితే మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. కుదరకపోతే ఆ సీనే ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఈసారి మూడు అధ్యాయాలు వద్దు, ఆ ఒక్క సీను చాలు.